నిమిషానికి ఎన్ని మాటలు?

పిల్లలూ, ముందు ఈ వాక్యం ఒకసారి చదవండి.

"అమ్మమ్మ గోంగూర పచ్చడి నూరి, జాడీలో పెట్టి, పైన నూనె పోసింది."

చదివారా? మీలో కొందరికి నాలుగైదు సెకన్లు పట్టి ఉంటుంది. కొందరికి అర నిమిషం పట్టి ఉంటుంది. కొందరు 'గోంగూర' దగ్గర ఆగి ఉంటారు, కొందరు 'జాడీ' దగ్గర ఆగి ఉంటారు. ఏం ఫరవాలేదు. ఇప్పుడు నా ప్రశ్న వినండి. అమ్మమ్మ పచ్చడి పైన నూనె ఎందుకు పోసింది?

ఆ జవాబు వాక్యంలో ఎక్కడా రాసి లేదు. ఎంత వేగంగా చదివినా కనపడదు. చదివిన మాటల్ని మనసులో బొమ్మగా చేసుకుని, ఆ వంటింట్లోకి వెళ్ళి, అమ్మమ్మ పక్కన నిలబడి చూస్తేనే తెలుస్తుంది. నాలుగు సెకన్లలో చదివేసి జవాబు చెప్పలేనివాళ్ళు ఉంటారు. అర నిమిషం తీసుకుని, చదవడం అవ్వగానే చటుక్కున జవాబు చెప్పేవాళ్ళు ఉంటారు. మరి ఈ ఇద్దరిలో బాగా చదివింది ఎవరు?

ఈ పాఠంలో నేను కథ చెప్పడం లేదు, నా అభిప్రాయం చెప్తున్నాను. తెలుగు క్లాసులో గడియారం పెట్టి పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చకూడదు. ఇదే నా అభిప్రాయం. ఎందుకో ఒక్కొక్కటిగా చెప్తాను. మీకు నచ్చకపోతే చివర్లో మీ మాట రాయండి.

నేను చేసిన తప్పు

నేను అమెరికా వచ్చి ఎక్కువ కాలం కాలేదు. వచ్చాక ఇంట్లోనే శనివారం శనివారం కొంతమంది పిల్లలకి తెలుగు చెప్పడం మొదలుపెట్టాను. ఇక్కడి స్కూళ్ళలో ఒక పరీక్ష ఉంటుందని పిల్లలే చెప్పారు. ఒక పేజీ ఇచ్చి, ఒక నిమిషం పాటు పైకి చదివిస్తారట. ఆ నిమిషంలో ఎన్ని మాటలు తప్పు లేకుండా చదివారో లెక్కపెడతారట. మీలో చాలామందికి ఈ పరీక్ష తెలిసే ఉంటుంది. పిల్లలకి అలవాటైన పద్ధతే కదా అని నేను కూడా ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టాను. గోడకి ఒక చార్టు అంటించాను. త్వరగా చదివినవాళ్ళకి ఒక నక్షత్రం.

ఆ రోజు పాఠం తెనాలి రామలింగడి పిల్లి కథ. రాజుగారు పెంచమని ఇచ్చిన పిల్లికి రామలింగడు మొదటి రోజే సలసల కాగే పాలు పోస్తాడు. దాని మూతి కాలుతుంది. తర్వాత ఆ పిల్లి పాలగిన్నె చూస్తే చాలు, పారిపోతుంది. నేను పిల్లలకి ఇచ్చింది చివరి భాగం మాత్రమే. రాజుగారి ముందు పాలగిన్నె పెట్టడం, పిల్లి తోక ముడిచి పరుగెత్తడం, అంతే.

పదకొండేళ్ళ అమ్మాయి ఒకతి గడగడా చదివేసింది. ఒక్క వత్తు తప్పలేదు. నలభై సెకన్లు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత తొమ్మిదేళ్ళ అబ్బాయి వంతు వచ్చింది. వాడు అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, వేలు పెట్టుకుని, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుకుంటూ వచ్చాడు. దాదాపు నాలుగు నిమిషాలు. మధ్యలో మిగతా పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు. ఒకరిద్దరు నవ్వారు. చివరి లైను ఇంకా రెండు మాటలు ఉందనగా వాడు కూడా పకపకా నవ్వాడు. వాడెందుకు నవ్వాడో నేను పట్టించుకోలేదు. అమ్మాయికి నక్షత్రం అంటించాను.

ఆ తర్వాత మాటవరసకి అమ్మాయిని అడిగాను. "పిల్లి పాలు చూసి ఎందుకు పారిపోయింది?" ఆ అమ్మాయి పేజీ వైపు చూసి, "పిల్లి పాలు చూసి పారిపోయింది, ఆంటీ" అంది. ఎందుకు అని మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చదివింది. అప్పుడు ఆ అబ్బాయి మెల్లిగా అన్నాడు. "ముందు ఎప్పుడో దానికి నోరు కాలింది. అందుకే."

కథ మొదటి భాగం వాడికి నేను చెప్పలేదు. వాడే ఊహించాడు. వాడు నవ్వింది అందుకే. కథ మొత్తం అర్థమై నవ్వినవాడికి నా దగ్గర నక్షత్రం లేదు.

తరువాతి వారం వాళ్ళమ్మగారు ఫోన్ చేశారు. "వాడు రానంటున్నాడండీ. తెలుగులో నేను స్లో అంటున్నాడు" అన్నారు. అంతకు ముందు వాడు అలా ఎప్పుడూ అనలేదట. ఆ మాట వాడికి నేర్పింది నేనే, నా చార్టుతో.

నష్టం ఒక్కరికే కాదు

మీరనుకోవచ్చు, పాపం ఆ అబ్బాయి, ఆ అమ్మాయికేం, నక్షత్రం వచ్చింది కదా అని. నేనూ అలాగే అనుకున్నాను. కొన్నాళ్ళకి ఆ అమ్మాయి వాళ్ళమ్మ ఒక సంగతి చెప్పారు.

ఊళ్ళో ఉన్న అమ్మమ్మ వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టింది. "రెండు రోజులుగా ఒంట్లో నలతగా ఉంది. కంగారు పడకండి" అని. అమ్మ ఆఫీసులో ఉంది. ఫోను అమ్మాయి చేతిలో ఉంది. అమ్మాయి మెసేజ్ చదివింది. ఒక్క అక్షరం తప్పు లేకుండా చదివింది. చదివి, బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి పంపించింది. 'నలత' అంటే ఒంట్లో బాగుండకపోవడం అని ఆ అమ్మాయికి తెలియదు. తెలియదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అందరూ ఆమె చదివే వేగం చూసి మురిసిపోతున్నారు. సాయంత్రం అమ్మ ఫోన్ చూసుకునేదాకా అమ్మమ్మకి ఎలా ఉందని ఎవరూ అడగలేదు.

అమ్మమ్మ ఏమీ అనుకోలేదట. "చిన్నపిల్ల, దానికేం తెలుసు" అందట. కానీ ఆ అమ్మాయి మాత్రం ఏడ్చిందని వాళ్ళమ్మ చెప్పారు.

చూశారా? నెమ్మదిగా చదివేవాడికి నా గడియారం సిగ్గు ఇచ్చింది. త్వరగా చదివే అమ్మాయికి అర్థం కావడం లేదన్న నిజాన్ని దాచేసింది. ఇద్దరికీ నష్టమే.

చదవడం ఒక గుణకారం

మీకు లెక్కలు బాగా వచ్చు కదా. ఒక చిన్న లెక్క చెప్తాను. 1986లో ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే ఇద్దరు పరిశోధకులు చదవడం గురించి ఒక తేలిక సూత్రం రాశారు. చదవడంలో రెండు పనులు ఉన్నాయి అన్నారు. ఒకటి, అక్షరాలు చూసి మాట పలకగలగడం. రెండు, ఆ భాష వింటే అర్థం కావడం. ఈ రెండింటినీ కూడితే కాదు, గుణిస్తే వచ్చేదే చదివి అర్థం చేసుకోవడం.

గుణకారం అన్నారు చూడండి, అది ముఖ్యం. కూడికలో అయితే ఒకటి సున్నా అయినా రెండోది మిగులుతుంది. గుణకారంలో ఒకటి సున్నా అయితే మొత్తం సున్నానే. అక్షరాలన్నీ వచ్చి భాష అసలు రాకపోతే సున్నా. భాష అంతా వచ్చి ఒక్క అక్షరం కూడా రాకపోతే అదీ సున్నానే.

ఇప్పుడు మన ఇద్దరి లెక్క చూద్దాం. ఇవి నేను ఊరికే ఉదాహరణకి వేసుకున్న అంకెలు. అమ్మాయికి అక్షరాల పనిలో పదికి 9, అర్థంలో పదికి 3 అనుకుందాం. అబ్బాయికి అక్షరాల పనిలో పదికి 3, అర్థంలో పదికి 9. ఇద్దరికీ గుణించి చూడండి. 9 ఇంటూ 3 ఎంత? 27. 3 ఇంటూ 9 ఎంత? అదీ 27. ఇద్దరికీ నూటికి 27!

ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నారు. నేను ఒకరికి నక్షత్రం ఇచ్చి, ఇంకొకరిని ఇంటికి పంపించాను.

ఇంకో విషయం కూడా ఈ లెక్క చెప్తుంది. ఇద్దరికీ కావలసిన సాయం ఒకటి కాదు. అమ్మాయికి ఇంకా పది పేజీలు గడగడా చదివిస్తే ఉపయోగం లేదు. ఆమెకి కథలు వినిపించాలి, మాటలు నేర్పాలి, మధ్యలో ఆపి అడగాలి. అబ్బాయికి అర్థాలు వివరిస్తూ కూర్చుంటే ఉపయోగం లేదు. వాడికి గుణింతాలు, వత్తులు ఇంకా అలవాటు కావాలి. గడియారం ఈ తేడా చెప్పలేదు. అది ఒక్క అంకె మాత్రమే చెప్తుంది.

ఒక్కొక్కరిది ఒక్కో వేగం ఎందుకు?

మొదటి కారణం మన లిపి. ఇంగ్లీషులో ఉన్నవి 26 అక్షరాలు. తెలుగులో అచ్చులు, హల్లులు కలిపితే యాభైకి పైనే. వాటికి గుణింతాలు, వాటి కింద వత్తులు. 'స్త్రీ' అనే అక్షరం చూడండి. సకారం, దాని పైన గుడిదీర్ఘం, కింద తవత్తు, దానితో పాటు రవత్తు. ఒక్క అక్షరంలో నాలుగు శబ్దాలు! ఇంగ్లీషు చదివేటప్పుడు ఎడమ నుంచి కుడికి వెళ్తే చాలు. తెలుగు చదివేటప్పుడు పైకీ కిందికీ కూడా చూసుకోవాలి. మనం చదివేటప్పుడు కళ్ళు లైను వెంట జారవు, గెంతుతాయి. గెంతిన ప్రతి చోటా ఇంచుమించు పావు సెకను ఆగుతాయి. మీ స్నేహితుడు పుస్తకం చదువుతుంటే వాడి కళ్ళలోకి చూడండి, ఆ గెంతులు కనపడతాయి. లిపి కొత్త అయితే ఆగడం ఎక్కువ, వెనక్కి గెంతడం ఎక్కువ. అది సహజం.

రెండో కారణం, మన మాటలు పొడుగు. 'వెళ్ళలేకపోయానని' అన్నది తెలుగులో ఒక్క మాట. అదే సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే నాలుగైదు మాటలు కావాలి. అలాంటప్పుడు "నేను ఇంగ్లీషులో నిమిషానికి ఇన్ని మాటలు చదువుతాను, తెలుగులో అందులో సగం కూడా రావు" అని బాధపడడంలో అర్థం లేదు. మైళ్ళనీ కిలోమీటర్లనీ పక్కపక్కన పెట్టి పోల్చినట్టు అవుతుంది.

మూడో కారణం, ఇల్లు. ఒక ఇంట్లో తాతయ్య, నానమ్మ ఉంటారు. పొద్దున్నుంచి రాత్రిదాకా తెలుగే. ఇంకో ఇంట్లో "తిను, రా, పడుకో, హోంవర్క్ అయిందా" వరకే తెలుగు. మరో ఇంట్లో అమ్మది తెలుగు, నాన్నది తమిళమో హిందీనో. అసలు తెలుగు ఇళ్ళలో కూడా మాటలు ఒకటి కావు. తెలంగాణ వాళ్ళింట్లో 'దుకాణం' అంటారు, రాయలసీమ వాళ్ళింట్లో 'అంగడి' అంటారు, కోస్తా వాళ్ళింట్లో 'కొట్టు' అంటారు. పుస్తకంలో మీ ఇంటి మాట కాకుండా ఇంకో మాట ఉంటే మీరు ఆగుతారు. అది మీ తప్పు కాదు. మీకు తెలిసిన వస్తువుకే ఇంకో పేరు అన్నమాట.

నాలుగో కారణం, మనిషి స్వభావం. కొందరు ప్రతి వాక్యానికీ బొమ్మ కట్టుకుంటూ చదువుతారు. కొందరు నచ్చిన వాక్యం రెండోసారి చదువుతారు. కొందరికి పైకి చదవమంటే చెమటలు పడతాయి, లోపల చదువుకోమంటే హాయిగా చదువుతారు.

ఐదోది కూడా చెప్పాలి. కొంతమంది పిల్లలకి ఏ భాషలోనైనా అక్షరానికీ శబ్దానికీ ముడి పడడం చాలా కష్టంగా ఉంటుంది. దాన్ని డిస్లెక్సియా అంటారు. అది బద్ధకం కాదు, తెలివితక్కువతనం అసలే కాదు. దానికి వేరే పద్ధతిలో నేర్పించే టీచర్లు ఉన్నారు. అలాగే కొందరికి కళ్ళద్దాలు కావలసి ఉంటుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు. మీకు ఎంత చదివినా అక్షరాలు కుదరడం లేదనిపిస్తే దాచుకోకండి. అమ్మకో నాన్నకో టీచరుకో చెప్పండి.

నేనూ ఇక్కడ నెమ్మదే

మీకో రహస్యం చెప్పనా? తెలుగులో నేను చాలా త్వరగా చదువుతాను. టీ చల్లారేలోపు వారపత్రికలో కథ ఒకటి అయిపోతుంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో మా పాపని బడిలో చేర్చడానికి ఆఫీసుకి వెళ్ళాను. నాలుగు పేజీల ఫారం ఇచ్చారు. ప్రతి లైనూ రెండుసార్లు చదివాను. ఒక తప్పు సంతకం పెడితే ఏమవుతుందో అని భయం. నా వెనక ఇద్దరు నిలబడ్డారు. కౌంటరు దగ్గరున్న ఆవిడ "ఇంగ్లీషు చదవడం వచ్చా?" అని మర్యాదగానే అడిగింది. నేను బి.ఎడ్. చదివిన దాన్ని. చెవులు వేడెక్కాయి.

ఆ రోజు ఇంటికొచ్చి ఆలోచించాను. తెలుగులో చకచకా చదివేదీ నేనే, ఇంగ్లీషులో నత్తనడక నడిచేదీ నేనే. నా తెలివి విమానంలో ఎక్కడా పడిపోలేదు కదా. భాష మారింది, అలవాటు మారింది, అంతే. మీరు నాకు అద్దంలో బొమ్మ లాంటివాళ్ళు. ఇంగ్లీషులో లావుపాటి పుస్తకం రెండు రోజుల్లో ముగించేస్తారు, తెలుగు పేజీ దగ్గర ఆగిపోతారు. అప్పుడు మీ చెవులు కూడా వేడెక్కుతాయని నాకు తెలుసు. మనసు ఒకటే, వేగాలు రెండు.

ఇంత తెలిసిన దాన్ని, ఆ పిల్లవాడి ముందు స్టాప్‌వాచ్ ఎలా పెట్టానో నాకే అర్థం కాదు.

మరి వేగం అక్కర్లేదా?

అక్కర్లేదని నేను అనడం లేదు. అలా అంటే అబద్ధం చెప్పినట్టు. తెలుగులో క్రియ సాధారణంగా చివర వస్తుంది. "నిన్న సాయంత్రం తాతయ్య తోటలోంచి తెచ్చిన పెద్ద మామిడిపండుని తమ్ముడు..." ఇక్కడిదాకా వచ్చాం. తమ్ముడు ఏం చేశాడు? తిన్నాడా, దాచాడా, పారేశాడా? చివరి మాట వచ్చేదాకా తెలియదు. అంతవరకూ ముందు మాటలన్నీ మనసులో పట్టుకుని ఉండాలి. మరీ నెమ్మదిగా చదివితే చివరికి వచ్చేసరికి మొదట్లో ఉన్నది జారిపోతుంది. అందుకే కొంత వేగం కావాలి. ఎంత? వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండేంత. అది చాలు.

ఆ వేగం తిడితే రాదు, పోటీ పెడితే రాదు. చదివిన పేజీనే మళ్ళీ చదివితే వస్తుంది.

బాగా చదివేవాళ్ళు అన్నిటినీ ఒకే వేగంతో చదవరు కూడా. క్రికెట్ స్కోరు ఒక్క చూపులో చదవొచ్చు. మందు సీసా మీద భోజనానికి ముందు వేసుకోవాలా, తర్వాత వేసుకోవాలా అన్నది నిదానంగా చదవాలి. వేమన పద్యం నాలుగు పాదాలే. చదవడానికి పది, పదిహేను సెకన్లు చాలు. కానీ అందులో ఏముందో ఆలోచించడానికి ఒక సాయంత్రం పట్టొచ్చు. మన ఊళ్ళలో పురాణం చెప్పేవారు ఒక పద్యం చదివి ఆగేవారు, అర్థం చెప్పేవారు, ఆ తర్వాతే రెండో పద్యం. ఎన్ని పద్యాలు అయ్యాయని విన్నవాళ్ళెవరూ గడియారం చూసుకోలేదు.

నెమ్మదిగా చదివే పిల్లలకి పెద్దవాళ్ళు తాబేలు, కుందేలు కథ చెప్తారు. మంచి మనసుతోనే చెప్తారు. కానీ ఇక్కడ ఆ కథ నాకు నచ్చదు. ఎందుకంటే అందులోనూ పందెమే ఉంది. చివరికి తాబేలు గెలిచింది అంటారు. గెలవకపోతే? కుందేలు నిద్రపోకపోతే? నాకు మహాభారతంలో శాంతిపర్వంలో ఉన్న చిరకారి కథ ఇష్టం. చిరం అంటే చాలాసేపు. ఏ పనైనా చాలాసేపు ఆలోచించి చేసేవాడు కాబట్టి అతన్ని చిరకారి అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు మందబుద్ధి అనుకునేవారు. ఒకసారి తండ్రి కోపంలో చెయ్యకూడని పని ఒకటి చెయ్యమన్నాడు. చిరకారి ఎంతసేపు ఆలోచించాడంటే, ఈలోపు తండ్రి కోపం చల్లారి, అయ్యో ఎంత మాట అన్నాను అని పరుగెత్తుకుంటూ వచ్చాడు. కొడుకు ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు, తప్పు జరగలేదు. ఆ కథలో అతను ఎవరితోనూ పందెం కాయలేదు.

ఇప్పుడు మా క్లాసులో

ఆ అబ్బాయి ఇంటికి నేనే వెళ్ళాను. "నిన్ను చదవమని అడగను. నాకు కథలు వినేవాడు ఒకడు కావాలి, వస్తావా?" అన్నాను. రెండు వారాల తర్వాత వచ్చాడు. వాడినీ ఆ అమ్మాయినీ జతగా కూర్చోబెట్టాను. అమ్మాయి చదవాలి, వాడు విని చెప్పాలి. తర్వాత ఇద్దరూ కలిసి అదే పేజీ మీద వేలు పెట్టి చదవాలి.

ఒకరోజు మాటల్లో 'నలత' అనే మాట వచ్చింది. అమ్మాయి తల వంచుకుంది. వాడికి ఆ వాట్సాప్ సంగతి తెలియదు. "మా తాతయ్య అంటాడు. జ్వరం కాదు కానీ ఏదో బాగోదు, అప్పుడు నలతగా ఉంది అంటాడు" అన్నాడు. వాడికి ఆ మాట చదవడం రాదు, తెలుసు. ఆమెకి ఆ మాట చదవడం వచ్చు, తెలియదు. ఆ రోజు ఇద్దరి దగ్గరా ఉన్నది కలిసింది.

అద్భుతాలేమీ జరగలేదు. అబ్బాయికి అంత పేజీకి ఇప్పటికీ రెండున్నర నిమిషాలు పడుతుంది. అమ్మాయి ఇప్పుడు మధ్యమధ్యలో ఆగుతుంది, "ఇదేంటి ఆంటీ?" అని అడుగుతుంది. ఆమె వేగం తగ్గింది. నాకు సంతోషంగా ఉంది. చార్టు తీసేశాను. ఫోను బోర్లా పెడుతున్నాను.

మీరూ ఇలా చేసి చూడండి. మీరు త్వరగా చదివేవాళ్ళయితే, ప్రతి వాక్యం చివరా ఆగి కళ్ళు మూసుకోండి. బొమ్మ కనపడిందా? కనపడకపోతే ఏ మాట దగ్గర తెర పడిందో వెతికి, ఆ మాట ఇంట్లో అడగండి. మీరు నెమ్మదిగా చదివేవాళ్ళయితే, ముందు ఆ పేజీ ఎవరిచేతనైనా చదివించుకుని వినండి. తర్వాత వాళ్ళతో కలిసి చదవండి. వేలు పెట్టుకోవడానికి సిగ్గుపడకండి. అదే పేజీ మూడు రోజులు చదవండి. టైము చూసుకోవాలని సరదాగా ఉంటే చూసుకోండి, కానీ ఆ అంకె మీ పుస్తకంలోనే ఉండాలి. నిన్నటి మీతో ఇవాళ్టి మిమ్మల్ని పోల్చుకోండి, పక్కవాళ్ళతో కాదు. ఎవరైనా నెమ్మదిగా చదువుతుంటే నవ్వకండి. వాళ్ళు కథలో మీకంటే ముందు ఉన్నారేమో, మీకేం తెలుసు?

అన్నట్టు, అమ్మమ్మ పచ్చడి పైన నూనె ఎందుకు పోసిందో నేను చెప్పలేదు కదూ? చెప్పను. ఈ ఆదివారం మీ అమ్మమ్మకో నానమ్మకో ఫోన్ చేసి అడగండి. ఆవిడ సమాధానం ఒక్క మాటలో చెప్పరు, చాలాసేపు చెప్తారు. తొందరపడకుండా వినండి.

ఆలోచించి రాయండి

1. అమ్మాయికి అక్షరాల పనిలో 9 అలాగే ఉండి, అర్థంలో 3 కాస్తా 6 అయితే నూటికి ఎంత వస్తుంది? అబ్బాయికి అర్థంలో 9 అలాగే ఉండి, అక్షరాల పనిలో 3 కాస్తా 6 అయితే ఎంత?

2. చదవడం వచ్చి అర్థం తెలియని మాటలు మూడు, అర్థం తెలిసి చదవడం కష్టమైన మాటలు మూడు ఈ పాఠంలోంచి ఏరి రాయండి.

3. 'దుకాణం, అంగడి, కొట్టు' లాగా మీ ఇంట్లో ఒక మాట, స్నేహితుల ఇంట్లో ఇంకో మాట వాడే వస్తువు ఒకటి కనుక్కుని రాయండి.

4. క్లాసులో స్టాప్‌వాచ్ ఉండాలని మీరు అనుకుంటున్నారా? ఉండాలి అనుకుంటే ఎందుకో ఐదు వాక్యాల్లో రాయండి. నాతో ఒప్పుకోకపోయినా ఫరవాలేదు. మీ వాక్యాలు నేను నిదానంగా చదువుతాను.